అడ్డుపుల్ల లేని గది

లోపల గడియ పడిన చప్పుడు వినగానే మాస్టారు గోడ గడియారం వైపు చూశారు. పదీ అయిదు. విచారణకి ముందు ఆ అమ్మాయిని పిలిచారు, తర్వాత తనని పిలుస్తారు, పదకొండు దాటేసరికి ఇద్దరిలో ఒకరికి ఈ కాలేజీలో ఉద్యోగం ఉండదు. అంత సులువైన లెక్క. ముప్పై ఏళ్లుగా సివిల్ ఇంజనీరింగ్ పిల్లలకి కట్టడంలో బరువు ఎటు నుంచి ఎటు దిగుతుందో చెబుతున్న మనిషికి ఈ బరువు ఎవరి నెత్తిన దిగబోతోందో తెలియదా, తెలుసు, కాగితాల ప్రకారం ఆ అమ్మాయి నెత్తినే దిగుతుంది. వీడియోల విభాగానికి ఇన్‌చార్జి ఆమె. ఏ వీడియో బయటికి వెళ్లినా సంతకం ఆమెది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, పర్మనెంట్ చేసే ఆర్డరు ఈ నెలలోనే రావాలి. మాస్టారి నోట్లోంచి రెండు వాక్యాలు వస్తే తప్ప ఆ బరువు దారి మళ్లదు. ఆ రెండు వాక్యాలూ పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దం ముందు అనుకుని చూశారు, బాగానే పలికాయి: ఆ వీడియో తీసేద్దామని ఆమె అంది. వద్దన్నది నేను. సబ్బు నురగ మధ్య నోరు కదలడం చూసి వాళ్లావిడ గుమ్మంలో ఆగి, "ఎవరితో మాట్లాడుతున్నారు?" అంది. "ఎవరితోనూ కాదు." "అయితే సరే, ఎదురు చెప్పేవాళ్లు లేరు, హాయిగా కానివ్వండి," అనేసి వెళ్లిపోయింది.

బెంచీ చల్లగా ఉంది. హాజరు చాలని వాళ్లూ, ల్యాబులో గాజు సామాను పగలగొట్టిన వాళ్లూ తల వంచుకుని కూర్చునే బెంచీ ఇది. అంచు మీద ఎవడో వృత్తలేఖిని మొనతో వంతెన బొమ్మ చెక్కాడు, కింద ఊతకమ్మీలు కూడా ఎక్కడ ఉండాలో అక్కడే వేశాడు, ఎవడో గానీ పది మార్కులు ఇవ్వొచ్చు. తను ఈ బెంచీ మీద కూర్చోవడం ఇదే మొదలు. కారిడార్ చివర మంచినీళ్ల కుళాయి కారుతోంది, కింద పెట్టిన ప్లాస్టిక్ బకెట్లో బొట్టు, కాస్త ఆగి ఇంకో బొట్టు. ఎవరైనా వెళ్లి కట్టేస్తే బాగుండును. ఈ మూడు వారాల్లో నీళ్ల చప్పుడు ఎక్కడ విన్నా ఒళ్లు బిగుసుకుపోతోంది. ఆ కుళాయి నుంచి చూపు తిప్పుకుంటే ఎదురుగా నోటీసు బోర్డు, చూపు తిప్పుకునే వాళ్లందరూ చచ్చినట్టు చదవాలనే అక్కడ తగిలించారు కాబోలు, 'నిమిషం పాఠం', ఈ నెల జాబితా, పేరు, శాఖ, ఎంతమంది చూశారు. ఎక్కువ నుంచి తక్కువకి. పైనుంచి మొదటి పేరు తనదే. విచారణ వేశారు గానీ జాబితా చింపడం ఎవరికీ గుర్తు రాలేదు.

రెండేళ్ల కిందట ప్రిన్సిపాల్ ఏదో సదస్సుకు వెళ్లి, వెళ్లేటప్పుడు మామూలుగానే వెళ్లాడు, వచ్చేటప్పుడు మాత్రం కళ్లలో వెలుగుతో వచ్చాడు. "పిల్లలు క్లాసులో లేరు మాస్టారూ, ఫోన్లో ఉన్నారు. మనమూ అక్కడికే వెళ్లాలి." ఆ మాట అబద్ధమా అంటే కాదు, వెనక బెంచీల్లో తలలన్నీ ఒళ్లోకి వంగి ఉండేవి, గడ్డాల కింద నీలం వెలుతురు. సరే, వెళ్దాం. ప్రతి లెక్చరరూ వారానికో వీడియో, అరవై సెకన్లు, ఒక్కటి ఎక్కువైతే తిరిగొస్తుంది. కెమిస్ట్రీ మేడం నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మూలకాల పట్టిక చెప్పింది. లెక్కలాయన సూత్రాలకు చిటికెలు జోడించాడు. మాస్టారు కోటు గుండీలు పెట్టుకుని, గొంతు సవరించుకుని, పునాదుల రకాల గురించి మొదలుపెట్టి రెండో రకం దగ్గరకు వచ్చేసరికి అరవై అయిపోయాయి. ముప్పై ఎనిమిది మంది చూశారు. అందులో పదిసార్లు తనే. అటెండరు జాబితా అంటించి, పిన్ను గుచ్చుతూ, "ఈ నెల కూడా మనమే ఫస్టు సార్," అన్నాడు, "కింద నుంచి." నవ్వారు. ఇంటికి వెళ్లాక నవ్వలేదు. నిజం చెప్పుకోవాలంటే వీడియో పనికిరానిదేమీ కాదు. సర్వే పరికరం మూడు కాళ్ల మీద ఎలా నిలబెట్టాలో, బుడగ మధ్యకి ఎలా తేవాలో ఆ అమ్మాయి నలభై సెకన్లలో చూపించింది, అది చూసి వచ్చిన పిల్లలు ల్యాబులో తడుముకోలేదు, మాస్టారే ఆశ్చర్యపోయారు. చేతికి నేర్పాల్సిన దానికి నిమిషం చాలు. బుర్రలో అనుమానం పుట్టించాల్సిన దానికే చాలదు, అనుమానం నానాలి, క్లాసులో ఆయన చేసే పని అంతా అదే, నానబెట్టడం.

ఆయన పద్ధతి కాలేజీ అంతటికీ తెలుసు. మొదట తప్పు చెబుతారు. నమ్మకంగా, గొంతెత్తి, బోర్డు మీద గీతలు గీసి, ఉదాహరణలతో సహా ఇరవై నిమిషాలు తప్పే చెబుతారు. చెప్పి, "అవునా?" అంటారు. అని సుద్దముక్క బల్ల మీద పెట్టి, తలెత్తి ఫ్యాను వైపు చూస్తూ నిలబడతారు. ఆ నిలబడడంలోనే ఉంది పాఠమంతా. ఒక నిమిషం, రెండు నిమిషాలు, కుర్చీలు కిర్రుమంటాయి, ఎవరో దగ్గుతారు, ఎక్కడో ఒక చెయ్యి సగం లేచి ఆగుతుంది, అప్పుడు ఆ చేతిని పైకి లాగడానికి ఆయన ఫ్యాను మీంచి చూపు దింపుతారు. ఆ చెయ్యి అడిగిన ప్రశ్నతో తను కట్టిందంతా తనే కూల్చి, మిగతా అరగంటలో నిజం కట్టిస్తారు, వాళ్ల చేతులతోనే. ముప్పై ఏళ్లలో చెయ్యెత్తిన పిల్లని గానీ పిల్లాణ్ణి గానీ కూర్చోమన్నది లేదు. తెలివితక్కువ ప్రశ్నకైనా సరే, అది ఆయన పెట్టుకున్న ఒట్టు. పదమూడేళ్ల కిందట మూడో బెంచీలో ఒక సన్నటి పిల్ల ఉండేది, ఆయన మొదలుపెట్టిన రెండో నిమిషంలోనే చెయ్యెత్తేది. ఫ్యాను వైపు చూసే అవకాశం కూడా ఇచ్చేది కాదు. "నువ్వు పాఠానికి అడ్డుపుల్లవమ్మా," అన్నారు ఒకరోజు, క్లాసంతా గొల్లుమంది, ఆ పేరే ఖాయమైపోయింది, ఆమె పెళ్లికి వెళ్తే పీటల మీంచే, "సార్, అడ్డుపుల్లకి అక్షింతలు వెయ్యండి," అంది. ఇప్పుడు ఆ తలుపు వెనక ఉన్నది ఆమే.

కాంక్రీటు పాఠం రోజున కూడా ఆమే. ఆయన రేకు పళ్లెంలో పచ్చి కాంక్రీటు పోయించారు, మగ్గుతో నీళ్లు అందుకున్నారు. చూడండి, గట్టిగా కలిపితే మొండికేస్తుంది, మూలలకి పోదు, ఇనుము చుట్టూ సందులు వదిలేస్తుంది, ఇప్పుడు చూడండి, ఇన్ని నీళ్లు పోశాను, ఎలా పాకుతోందో, సందు లేకుండా నిండుతోంది, పైన అద్దంలా తేరుకుంది. సందు లేనిది గట్టిగా ఉంటుంది. కాబట్టి నీళ్లు ఎంత ఎక్కువైతే కాంక్రీటు అంత గట్టిది. అవునా? అవును సార్, అంది క్లాసు. మూడో బెంచీలో చెయ్యి లేచింది. "సార్, మరి ఆ నీళ్లన్నీ తర్వాత ఎటు పోతాయి?" అంతే, ఆ ఒక్క ప్రశ్న చాలు. ఆవిరై పోతాయి తల్లీ, పోతూ పోతూ తమ చోటు ఖాళీగా వదిలిపోతాయి, పైకి నునుపు, లోపలంతా సన్నటి బొక్కలు. నెల ముందే పోసి ఆరబెట్టిన రెండు దిమ్మలు తెప్పించి యంత్రం కింద పెట్టారు, నీళ్లెక్కువ పోసిన దిమ్మ సగం బరువుకే బిస్కెట్‌లా నలిగింది, పిల్లలు ఓహో అన్నారు. ఆ ఓహో కోసమే గదా ఆయన ముప్పై ఏళ్లు తప్పు చెప్పింది.

కుళాయి బొట్టు. పది ఇరవై. లోపల ఎవరో కుర్చీ జరిపారు. ఆమె గొంతు వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గితే ఏసీ హోరు తప్ప ఏమీ లేదు.

ఆ పాఠాన్ని వీడియో చేద్దామన్నది ఆమే. తను చదివిన కాలేజీకే లెక్చరరై వచ్చిన మూడో నెలలో, ఆయన పేరు జాబితా అడుగున చూసి ఉడుక్కుంది. "మీ పద్ధతి ఎవరికీ తెలియదు సార్. రెండు ముక్కలుగా పెడదాం. మొదటి ముక్కలో తప్పు, చివర మీరు అవునా అని ఆగడం. మర్నాడు రెండో ముక్కలో దిమ్మ పగలడం. మధ్యలో రోజంతా జనం ఆలోచిస్తారు." ఎంత ముచ్చటగా చెప్పిందో. రోజంతా ఆలోచిస్తారట. ఇద్దరూ నమ్మారు. క్లాసులో పుట్టి క్లాసులో పెరిగిన ఇద్దరు మనుషులు తప్ప ఇంకెవరూ అలా నమ్మరు, ప్రశ్న వేస్తే చెయ్యి లేస్తుందని, ఆ చెయ్యి లేచేదాకా అవతలివాడు అక్కడే కూర్చుని ఉంటాడని. వీడియో చూసేవాడు బెంచీ మీద లేడు. వాడి బొటనవేలు అప్పటికే తరువాతి దాని మీద ఉంది. మొదటి ముక్కలో మాస్టారు మగ్గు ఎత్తి నీళ్లు పోస్తుంటే కింద జలతరంగం లాంటి సంగీతం, కాంక్రీటు వెన్నలా పాకడం, నీళ్లు ఎంత ఎక్కువైతే అంత గట్టిది, అవునా. చివర చిన్న అక్షరాల్లో రెండో భాగం రేపు. రెండో రోజుకి పన్నెండు వేలు. నాలుగో రోజుకి రెండు లక్షలు. ప్రేక్షకులందరూ ముక్తకంఠంతో అవును సార్, సూపర్ సార్, మా సైట్లో కూడా అంతే సార్. దిమ్మ పగిలే రెండో భాగాన్ని చూసినవాళ్లు రెండు వందల పన్నెండు మంది.

అక్కడ ఆగాలి. ఆ నాలుగో రోజు దగ్గర ఆగి చూసుకోవాలి, విచారణ వాళ్లు అడిగినా అడక్కపోయినా. ఆ రోజు పొద్దున బావమరిది ఫోను చేశాడు, ఏడాదికి ఒకసారి, అదీ అక్క కోసం చేసేవాడు నేరుగా తనకే చేశాడు. "బావా, మా ఆఫీసు లిఫ్టులో ఒకతను నీ వీడియో చూస్తున్నాడు. మా బావే అంటే నమ్మడే. నీ పక్కన నేనున్న ఫోటో వెతికి చూపించాల్సి వచ్చింది." బస్సులో ఒకమ్మాయి తల తిప్పి చూసింది. ప్రిన్సిపాల్ స్టాఫ్ మీటింగులో నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు, లెక్కలాయన చిటికెలు ఆ రోజు మూగబోయాయి. అటెండరు టీ గ్లాసు ముందు ఆయనకే ఇచ్చాడు. వాళ్లావిడ మాత్రం కూరగాయలు తరుగుతూ, "ఇదివరకు మీరు అద్దంలో చూసుకునేవారు కాదు," అంది, అని కత్తిపీట ఆపి, "మీరు అందులో చెప్పింది తప్పు కదా? నాకే తెలుసు, మన మేడ కట్టినప్పుడు మేస్త్రీని నీళ్లెక్కువ పోశాడని ఎన్ని తిట్లు తిట్టారు," అంది. "రెండో భాగంలో దిద్దుతాను." "దిద్దుతారు. క్లాసులో అయితే దిద్దుతారు. ఇంట్లో చెప్పిన తప్పులు ఇంతవరకు ఒక్కటీ దిద్దలేదు." ఆ మాటకి నవ్వేసి వచ్చారు కాలేజీకి. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో వాళ్లిద్దరే ఉన్నారు. ఆమె టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యకుండా వచ్చి ఎదురుగా నిలబడింది. "సార్, మొదటిది తీసేద్దాం. రెండోది ఎవరూ చూడటం లేదు. ఎవరైనా నిజమనుకుంటే?" ఫోను బల్ల మీద వెల్లకిలా ఉంది. అంకె ఆయన చూస్తుండగానే మారింది. రెండు లక్షల నాలుగు వేలు కాస్తా రెండు లక్షల నాలుగు వేల మూడు వందలు అయింది. ఏ క్లాసులోనూ ఆయన మాటకి అంతమంది తలలు ఊపలేదు, ముప్పై ఏళ్ల పిల్లలందర్నీ కలిపినా అంతమంది ఉండరు. "ఉండనీ అమ్మా. మెల్లగా రెండోది కూడా చూస్తారు." "సార్..." "చూస్తారు లే." ఆమె డబ్బా పట్టుకుని వెళ్లిపోయింది. వినడానికి గోడలు తప్ప ఎవరూ లేరు. కాగితం మీద ఒక్క అక్షరం లేదు.

తర్వాత వారం రోజులు ఆయన రోజూ రెండో భాగం తెరిచి తనే చూసుకునేవారు, అంకె పెరగాలని. రెండు వందల పదహారు, పదిహేడు. ఆ పెరిగినదంతా తనే.

పది ముప్పై అయిదు. బొట్టు. ఎవరైనా కట్టకూడదూ ఆ కుళాయి. తనే లేచి నాలుగు అడుగులు వేస్తే సరిపోతుంది, లేవలేదు, లేస్తే ఆస్పత్రిలో ఆ మేస్త్రీ పడుకున్న మంచం గుర్తొస్తుంది, అది కూర్చున్నా వస్తోంది. ఊరవతల ఏదో నాలుగంతస్తుల కట్టడం, మూడో అంతస్తు బాల్కనీ. కాంక్రీటు కాస్త గట్టిగా కలిపిస్తున్న మేస్త్రీకి శిక్షణకు వచ్చిన ఫైనలియర్ పిల్ల ఫోను చూపించింది, మా మాస్టారు చెప్పారు చూడండి పెద్దాయనా అని. ఆ పిల్లని ఏమనగలం, రెండో ఏడాది కాంక్రీటు క్లాసుకి రాకపోయినా ఫరవాలేదు వీడియోలు ఉన్నాయి కదా అనుకున్న బ్యాచి అది. ముప్పై ఏళ్లుగా చెయ్యి తిరిగిన మేస్త్రీ, తన చేతిని కాదని ఫోనుని నమ్మాడు. నీళ్లు పోయించాడు. పైకి అద్దంలా తేరుకుంది. రోజులు లెక్కపెట్టి కింద ఊతంగా పెట్టిన సెంట్రింగు చెక్కలు విప్పుతుంటే బాల్కనీ కిందికి వచ్చింది, కింద నిలబడి విప్పిస్తున్నది అతనే. కుడి కాలు మోకాలి పైదాకా తీసేశారు. మాస్టారు ఆస్పత్రికి వెళ్లారు, ఎవరికీ చెప్పకుండా, పళ్ల సంచి పట్టుకుని, తను ఎవరో చెప్పకుండా సంచి పెట్టేసి వద్దామని. మేస్త్రీ దిండు మీద తల ఎత్తి చూసి గుర్తుపట్టాడు. లేవబోయాడు కూడా. "మీరా సార్. ఫోన్లో చూశాను. ఎంత బాగా చెప్పారు సార్, చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేటట్టు." మాస్టారు పళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు. "రెండో భాగం కూడా ఉందంటగా సార్," అన్నాడు మేస్త్రీ, మామూలుగానే, నిష్ఠూరం ఏమీ లేకుండా, బస్సు తప్పిపోయిన సంగతి చెప్పినట్టు, "అది మా ఫోన్లోకి రాలేదు." తిట్టి ఉంటే బాగుండేది. తిట్టినవాడికి ఏదో ఒకటి చెప్పొచ్చు.

ఆ రోజు బస్సులో వస్తూ లెక్క వేసుకున్నారు, ఉద్యోగం ఇంకా మూడేళ్లు, శాఖకి పెద్ద తనే, వీడ్కోలు సభలో ఏం మాట్లాడాలో కూడా ఎప్పుడో రాసి పెట్టుకున్నారు, అందులో ఈ పద్ధతి గురించే ఉంది, తప్పు చెప్పి నిజం రాబట్టడం. ఆమెకి ఇంకా ముప్పై ఏళ్ల సర్వీసుంది, ఇంకో కాలేజీ దొరుకుతుంది. దొరుకుతుందా? బాల్కనీ కూల్చిన లెక్చరరని పేరు పడ్డాక? అదీ ఆలోచించారు. బస్సు గుంతలో పడి లేచింది, ఆలోచన అక్కడితో తెగింది, తెగినచోట వదిలేశారు. యాభై నిమిషాల పాఠాన్ని నిమిషానికి కోసినప్పుడు మిగతా నలభై తొమ్మిదీ ఎటు పోతాయి? ఎవరూ అడగలేదు ఆ మాట. అవీ నీళ్లలాగే పోతాయి కాబోలు, పోతూ పోతూ బొక్కలు వదిలిపోతాయి.

గడియ తీసిన చప్పుడు. పది నలభై ఎనిమిది. ఆమె బయటికి వచ్చింది, కళ్లు తడిగా ఏమీ లేవు, చీర కొంగు మాత్రం వేలికి చుట్టుకుని ఉంది, పరీక్ష హాల్లోంచి వచ్చేటప్పుడు కూడా అలాగే చున్నీ చుట్టుకునేది. లోపలివాళ్లు టీ తాగుతున్నారట, అయిదు నిమిషాల్లో పిలుస్తారట. బెంచీ మీద ఆయన పక్కన కాస్త ఎడంగా కూర్చుంది.

"ఏమడిగారమ్మా?"

"అన్నీ అడిగారు సార్. కోసింది నేనేనా అంటే నేనే అన్నాను. పెట్టింది నేనేనా అంటే నేనే అన్నాను." కొంగు విప్పి మళ్లీ చుట్టింది. "అది తప్పని తెలిశాక కూడా ఎందుకు ఉంచావు, తీసేయాలనిపించలేదా అన్నారు."

కుళాయి కూడా ఆగి వింటున్నట్టు అనిపించింది.

"నువ్వేమన్నావు?"

"మాస్టారిని అడగండి అన్నాను. మీ పేరు నా నోటితో ఎందుకు సార్. మీరు ఎలాగూ చెప్తారు కదా."

అటెండరు తలుపు సందులోంచి తల పెట్టి, "సార్, మిమ్మల్ని," అన్నాడు. వెనక ఆమె, "సార్, లోపల ఏసీ ఎక్కువ. కోటు గుండీ పెట్టుకోండి," అంది.

లోపల ముగ్గురు. ప్రిన్సిపాల్, యాజమాన్యం తరఫున ఒకావిడ, బయటి నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన. బల్ల మీద మూడు ఖాళీ కప్పులు, వాటి మధ్య మూడు కాళ్ల స్టాండు, స్టాండు మీద ఫోను. కాగితం, కలం ఎక్కడా లేవు. "రాసిందెవరూ చదవడం లేదు మాస్టారూ," అన్నాడు ప్రిన్సిపాల్, కుర్చీ చూపిస్తూ. "వీడియో వాంగ్మూలం. క్లుప్తంగా, ఒక్క నిమిషం. పైవాళ్లు అంతకంటే పెద్దది తెరవరు. ఆ అమ్మాయి పాపం సాగదీసింది, మళ్లీ మళ్లీ తీయాల్సి వచ్చింది." యాజమాన్యం ఆవిడ లేచి ఫోను కోణం సరిచేసింది, ఆయన టై కూడా దూరం నుంచే వేలితో గాలిలో సరిచేసింది. ఎర్ర చుక్క వెలిగింది.

రెండు వాక్యాలు. ఆ వీడియో తీసేద్దామని ఆమె అంది. వద్దన్నది నేను. నాలుగు సెకన్లు పడుతుంది. కానీ నోరు తెరిచాక వచ్చినవి అవి కావు. ముప్పై ఏళ్ల అలవాటు, మొదట నిజం చెప్పడం ఈ నోటికి చేతకాదు, లేదా అలవాటు అని పేరు పెట్టుకున్న ఇంకేదో, అది ఏదో ఆయనకి అప్పుడూ తెలియలేదు. గొంతు సవరించుకున్నారు, క్లాసులో లాగే నమ్మకంగా, వేలు ఎత్తి, ఒక్కొక్క మాటా విడివిడిగా, "ఆ వీడియో తయారు చేసింది ఆ అమ్మాయి. పాఠాన్ని ఎక్కడ కొయ్యాలో నిర్ణయించింది ఆ అమ్మాయి. నేను చెప్పింది మొత్తం పాఠం, అందులో తప్పూ ఉంది, దిద్దుబాటూ ఉంది, దిద్దుబాటు వేరే ముక్కగా పోయింది. బయటికి వెళ్లాక ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఆమె విభాగం పని, నా పని కాదు, సంతకం ఆమెది. తప్పని తెలిసీ అది అలాగే ఉండిపోయింది. కాబట్టి జరిగినదానికి బాధ్యత ఆ అమ్మాయిదే," అన్నారు. అని, "అవునా?" అన్నారు.

అని తలెత్తి పైకి చూశారు. ఈ గదిలో ఫ్యాను లేదు. తెల్లటి కప్పు, దాని మధ్య ఏసీ జాలీ. అయినా చూస్తూ ఉన్నారు. ఇప్పుడు ఎవరో ఒకరు అడగాలి. చిన్న ప్రశ్న చాలు. ఆమె మీతో ఒక్క మాటైనా అనలేదా మాస్టారూ? అంతే, అది చాలు, అంతా కూల్చేసి నిజం కట్టేస్తారు, తయారుగా ఉన్నారు, నాలుక చివర ఉన్నాయి రెండు వాక్యాలూ. ఇంజనీరు వాచీ చూసుకున్నాడు. ఒక కుర్చీ కిర్రుమంది, ఆయన చూపు ఆ చప్పుడుకి కిందికి దిగింది, అది యాజమాన్యం ఆవిడ ముందుకు వంగడం. ఆవిడ చెయ్యి చాపింది. చెయ్యి ఫోను వైపు వెళ్లి ఎర్ర చుక్క మీద వాలింది.

"అవును మాస్టారూ," అన్నాడు ప్రిన్సిపాల్, తల ఊపుతూ. "ఇంత స్పష్టంగా ఎవరు చెప్తారు."

"ఇంకా ఉంది," అన్నారు మాస్టారు.

"అక్కర్లేదండీ. సరిగ్గా యాభై ఎనిమిది సెకన్లు," అంది ఆవిడ, ఫోను చూస్తూ, మెచ్చుకోలుగా. "మీకు బాగా అలవాటైపోయింది."

ఇంకా ఉందని ఆయన మరోసారి అనొచ్చు. బల్ల మీద కొట్టి అనొచ్చు. కుర్చీలోంచి లేవకుండా ఉండిపోవచ్చు. అవన్నీ చేయొచ్చని తెలుస్తూనే కాళ్లు లేచాయి, చేతులు దణ్ణం పెట్టాయి, ఇంజనీరు లేచి కరచాలనం చేస్తూ, "మా పిల్లలు కూడా చూశారండీ మీ వీడియో," అన్నాడు, ఏ సందర్భంలో ఏం అంటున్నాడో తెలియకుండానే. తలుపు దాకా ఎన్ని అడుగులో లెక్కపెట్టారు. ఎనిమిది. ఎనిమిది చోట్ల వెనక్కి తిరగొచ్చు.

బయట ఆమె బెంచీ మీద లేదు. కుళాయి దగ్గర ఉంది, కట్టేసి, నిండిన బకెట్ పక్కకి జరిపి వస్తోంది. ఆయన్ని చూడగానే చేతులు కొంగుకి తుడుచుకుంది, మొహంలో సగం నవ్వు.

"చెప్పేశారా సార్?"

"మొదటి సగం చెప్పానమ్మా," అన్నారు మాస్టారు.

ఆమెకి అర్థం కావడానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు, ఎప్పుడూ పట్టేది కాదు. సగం నవ్వు అలాగే ఉండిపోయింది, వెనక్కి తీసుకోవడం మరిచిపోయినట్టు. "మరి రెండో సగం?"

"లోపల ఎవరూ అడగలేదు."

గోడ గడియారం పదకొండు కొట్టడానికి సిద్ధమై గుర్రుమంది. తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు, సందులోంచి చల్లగాలి వస్తోంది, లోపల ఆయన గొంతే వినిపిస్తోంది, ఫోన్లోంచి, వాళ్లు మళ్లీ వేసుకుని చూస్తున్నారు. బాధ్యత ఆ అమ్మాయిదే. అవునా? ఆ మాట ఆమె కూడా వింది. విని, ఆయన ఎదురుగా నిటారుగా నిలబడింది, మూడో బెంచీలో నిలబడినట్టే, కుడి చెయ్యి తెలియకుండానే కాస్త పైకి లేచింది.

"ఎవరూ అడక్కపోతే చెప్పకూడదా సార్?"

పదమూడేళ్లలో ఆమె అడిగిన ప్రశ్నలన్నిటిలోకీ ఇదే మంచిదని ఆయనకి తెలుసు. మాస్టారు ఆ చేతి వైపు చూడలేదు. ఆమె వెనక ఉన్న బెంచీ వైపు చూశారు, దాని అంచు మీద వంతెన వైపు చూశారు, ముప్పై ఏళ్లలో ఏ పిల్లతోనూ అనని మాట ఆమెతో అన్నారు.

"కూర్చో."